పీహెచ్‌సీలో షుగర్ కార్యక్రమం ఫలించిందని ఎలా తేల్చాలి?

మధుమేహం మీద ప్రభుత్వ ప్రకటన ఏది వెలువడినా అందులో మొదట కనిపించేది పరీక్షలు చేయించుకున్నవారి సంఖ్య. ఇన్ని లక్షల మందికి వేలి నుంచి రక్తపు చుక్క తీసి చూశాం, ఇన్ని వేల మందికి షుగర్ ఉన్నట్టు తేలింది, వారికి బిళ్లలు అందజేశాం అంటూ అది సాగుతుంది. ఇవన్నీ అవసరమైన పనులే. అయితే బిళ్లలు తీసుకున్నవారిలో ఎంతమందికి షుగర్ అదుపులోకి వచ్చింది, వచ్చినా అది ఆ కార్యక్రమం వల్లే వచ్చిందా అన్న ప్రశ్నలకు ఆ అంకెలు జవాబు చెప్పవు. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు రాబట్టడం బయటికి కనిపించేంత తేలిక కాదు, ఎందుకు కాదో తెలిస్తే తప్ప అలాంటి ప్రకటనలను సరిగ్గా చదవలేం.

సమస్య ఎంత పెద్దదో ముందు చూద్దాం. భారత వైద్య పరిశోధన మండలి చేయించిన ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. అదే సర్వేలో, తమకు షుగర్ ఉందని ముందే తెలిసినవారిని విడిగా పరిశీలిస్తే షుగర్ అదుపులో ఉన్నవారు 36.3 శాతం. షుగర్, రక్తపోటు, చెడు కొలెస్ట్రాల్ మూడూ ఒకేసారి అదుపులో ఉన్నవారు 7.7 శాతం మాత్రమే. అంటే జబ్బు ఉందని తెలిసినవారిలో సైతం పదమూడు మందిలో ఒక్కరికే మూడూ లక్ష్యానికి లోబడి ఉన్నాయి. కళ్లు, మూత్రపిండాలు, పాదాలు, గుండె దెబ్బతినకుండా ఉండాలంటే ఈ మూడూ కలిసి అదుపులో ఉండాలి కాబట్టి నన్ను ఎక్కువగా కలవరపెట్టే అంకె ఇదే.

ప్రాథమిక వైద్యం ఎక్కడ మొదలవుతుంది

ఇంతమందిని షుగర్ స్పెషలిస్టులు చూడడం సాధ్యం కాదు. చూడవలసింది ఊరి దగ్గరి ఉపకేంద్రం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, పట్టణాల్లోని బస్తీ దవాఖానా, వీధి చివర ఎంబీబీఎస్ డాక్టరు గది. జాతీయ ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతంలో 30,000 జనాభాకు, కొండ ప్రాంతంలో, గిరిజన ప్రాంతంలో 20,000 జనాభాకు ఒక పీహెచ్‌సీ ఉండాలి. జీవనశైలి వ్యాధుల కోసం 2010లో మొదలైన జాతీయ కార్యక్రమం పేరూ పరిధీ 2023లో మారాయి. ఆ ఏడాది మే 17న, ప్రపంచ రక్తపోటు దినం నాడు, 2025 నాటికి 7.5 కోట్ల మంది బీపీ, షుగర్ రోగులను ప్రామాణిక వైద్యం కిందికి తెస్తామని కేంద్రం లక్ష్యం ప్రకటించింది. ఈ జాతీయ కార్యక్రమం కింద ఆశా కార్యకర్త 30 ఏళ్లు దాటినవారి ఇళ్లకు వెళ్లి వయసు, నడుము కొలత, కుటుంబ చరిత్ర వంటి వివరాలతో ఒక పత్రం నింపుతుంది, ఏఎన్ఎం గ్లూకోమీటరుతో చూస్తుంది, అనుమానం ఉన్నవారిని డాక్టరు దగ్గరికి పంపుతారు.

ఇక్కడ రెండు పరీక్షల తేడా తెలుసుకోవాలి. పరగడుపున చేసే రక్తపరీక్ష ఆ పూట రక్తంలో ఎంత చక్కెర ఉందో చెబుతుంది. హెచ్‌బీఏ1సీ పరీక్ష గడచిన రెండు మూడు నెలల సగటును చెబుతుంది, ఎందుకంటే ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు చక్కెర ఎంత అంటుకుందో అది కొలుస్తుంది. సాధారణంగా చికిత్స లక్ష్యం 7 శాతం లోపు. మొదటి పరీక్ష ఉపకేంద్రంలోనే క్షణాల్లో పూర్తవుతుంది. రెండోది చాలా చోట్ల పీహెచ్‌సీలో కూడా దొరకదు. కార్యక్రమం ఫలితాన్ని ఏ పరీక్షతో కొలవాలన్న చిక్కు ఇక్కడినుంచే మొదలవుతుంది.

మందుల సరఫరా ఒక్కటే కార్యక్రమం కాదు

జ్వరమో విరేచనాలో వచ్చిన రోగిని చూసి, మందిచ్చి, పంపించేందుకు తీర్చిదిద్దిన వ్యవస్థ మనది. రోగి వస్తే వైద్యం, రాకపోతే లేదు. మధుమేహం రోగికి నొప్పి కలిగించకుండా పదేళ్లు, పదిహేనేళ్లు లోపల పనిచేసుకుపోయే జబ్బు. రోగి రావడం మానేసినప్పుడు దాన్ని గమనించే వ్యవస్థ లేకపోతే డాక్టరు ఎంత మంచివాడైనా ఫలితం ఉండదు. ఈ సంగతిని 1990లలో అమెరికాలోని సియాటిల్‌లో ఎడ్వర్డ్ వాగ్నర్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఒక నమూనాగా రూపొందించారు. దీర్ఘకాల వ్యాధి సంరక్షణ నమూనాగా దానికి పేరు. రోగుల జాబితా ఉండాలి, పని జట్టుగా పంచుకోవాలి, ఏ దశలో ఏ మందు ఇవ్వాలో ముందే రాసిపెట్టుకోవాలి, రోగికి తన జబ్బును తానే చూసుకునే నేర్పు అందించాలి, ఊరిలోని వనరులను కలుపుకోవాలి, పై యాజమాన్యం దీనికి అండగా నిలవాలి అన్నవి అందులోని ముఖ్యాంశాలు.

ఈ భాగాల్లో ఏది ఎక్కువ పనిచేస్తుంది? 2006లో కవే షోజానియా బృందం 66 ప్రయోగాలను కలిపి విశ్లేషించింది. అన్నిటి సగటున హెచ్‌బీఏ1సీ 0.42 శాతం పాయింట్ల మేర తగ్గింది. జట్టు పనితీరును మార్చిన చోట 0.67, ఒక్కొక్క రోగి బాధ్యతను ఒక నర్సుకో ఫార్మసిస్టుకో అప్పగించిన చోట 0.52 తగ్గింది. ఆ బాధ్యురాలు ప్రతిసారీ డాక్టరు సంతకం కోసం ఆగకుండా మందు మోతాదు మార్చగలిగిన చోట తగ్గుదల 0.80 వరకూ ఉంది. 2012లో మరింత పెద్ద విశ్లేషణ 142 ప్రయోగాలను పరిశీలించి సగటు తగ్గుదలను 0.37గా తేల్చింది. కాబట్టి ఏ కొత్త కార్యక్రమమైనా ఒక్క ఏడాదిలో హెచ్‌బీఏ1సీని రెండు పాయింట్లు తగ్గించిందని చెబితే, అది అబద్ధం కాకపోవచ్చు గాని, లెక్క ఎలా కట్టారో అడిగి తెలుసుకోవలసిందే.

0.4 చాలా చిన్న అంకెలా అనిపిస్తుంది. బ్రిటన్‌లో 1977 నుంచి రెండు దశాబ్దాలు సాగిన యూకేపీడీఎస్ అధ్యయన సమాచారాన్ని విశ్లేషించినప్పుడు, హెచ్‌బీఏ1సీ ఒక శాతం తక్కువగా ఉన్నవారిలో కళ్లు, మూత్రపిండాల వంటి చోట్ల సన్న రక్తనాళాలకు కలిగే హాని 37 శాతం తక్కువగా కనిపించింది. ఆ లెక్కన లక్షలమందిలో 0.4 తగ్గినా చిన్న లాభం కాదు. అయితే ఇది రెండు విషయాల మధ్య కనిపించిన సంబంధం మాత్రమే, ప్రతి కార్యక్రమానికీ అంతే ఫలితం వస్తుందన్న హామీ కాదు.

జట్టు, మందులు, జాబితా మూడింటినీ ఎలా కలిపి నడపవచ్చో చూపే దేశీయ అనుభవం రక్తపోటు నుంచి వచ్చింది. 2017 నవంబరులో తెలంగాణతో పాటు పంజాబ్, కేరళ, మధ్యప్రదేశ్, మహారాష్ట్రలలో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం ఒకే చికిత్సా క్రమాన్ని, నిరంతర మందుల సరఫరాను, ప్రతి రోగికీ ఒక నమోదును, రాని రోగిని గుర్తించి పిలిపించే పద్ధతిని కలిపి నడిపింది. షుగర్ కార్యక్రమాలు ఈ మూసనే ఎక్కువగా అనుసరిస్తున్నాయి. అయితే రెండు జబ్బులకూ తేడా ఉంది. బీపీకి యంత్రం ఒకటి చాలు, ఫలితం అప్పటికప్పుడే తెలుస్తుంది. షుగర్‌కు రోగి పరగడుపున రావాలి. ఉదయం కూలికి వెళ్లే మనిషి పరగడుపున పీహెచ్‌సీ బల్ల మీద పది గంటలదాకా కూర్చోవాలంటే ఆ రోజు కూలి వదులుకోవలసిందే.

ఒకే పీహెచ్‌సీ, మూడు శాతాలు

ఇక ఫలితాన్ని కొలిచే పద్ధతికి వద్దాం. 30,000 జనాభా ఉన్న ఒక పీహెచ్‌సీని ఊహించుకుందాం. అందులో సగం మంది, అంటే 15,000 మంది, 30 ఏళ్లు దాటినవారు. వారిలో పదిమందిలో ఒకరికి షుగర్ ఉంటుందనుకుంటే ఆ పరిధిలో 1,500 మంది రోగులు ఉండాలి. పీహెచ్‌సీ పుస్తకంలో పేరు నమోదైనవారు 800 మంది. గత మూడు నెలల్లో వచ్చి చూపించుకున్నవారు 400 మంది. వారిలో పరగడుపు షుగర్ 126 కంటే తక్కువ ఉన్నవారు, అంటే అదుపులో ఉన్నవారు, 240 మంది.

ఈ కేంద్రంలో షుగర్ అదుపు ఎంత శాతం? వచ్చినవారిలో లెక్కిస్తే 60 శాతం. నమోదైనవారిలో లెక్కిస్తే 30 శాతం. ఆ పరిధిలో ఉండవలసిన రోగులందరిలో లెక్కిస్తే 16 శాతం. మూడూ నిజాలే. ఏ ఒక్కదానిలోనూ అబద్ధం లేదు. కానీ మొదటి అంకెను పత్రికలో చదివిన పాఠకుడికీ, మూడో అంకెను చదివిన పాఠకుడికీ ఆ మండలం గురించి కలిగే అభిప్రాయాలకు పొంతన ఉండదు.

ఇదే ఉదాహరణను ఏడాది ముందుకు తీసుకెళదాం. కొత్త కార్యక్రమం వచ్చింది. ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగారు, మానేసినవారిని ఏఎన్ఎం ఫోన్ చేసి పిలిపించింది. నమోదు 1,100కు పెరిగింది. మూడు నెలల్లో వచ్చినవారు 700 మంది. వారిలో అదుపులో ఉన్నవారు 350 మంది. వచ్చినవారిలో అదుపు శాతం 60 నుంచి 50కి పడిపోయింది! పై అధికారి ఈ ఒక్క వరుసనే చూస్తే కార్యక్రమం విఫలమైందని రాస్తాడు. నిజానికి అదుపులో ఉన్నవారి సంఖ్య 240 నుంచి 350కి చేరింది, పరిధిలోని రోగులందరిలో లెక్క 16 నుంచి 23 శాతానికి పెరిగింది. కొత్తగా వచ్చిన 300 మంది అంతకుముందు ఎవరికీ పట్టనివారు, మందు లేనివారు, షుగర్ ఎక్కువగా ఉన్నవారు. వారిని లోపలికి తెచ్చినందుకే సగటు తగ్గింది.

తిరగేసి చూస్తే ఇందులోని ప్రమాదం ఇంకా స్పష్టమవుతుంది. ఏ పనీ చేయకుండానే ఈ శాతాన్ని పెంచుకునే దారి ఒకటుంది: రాని రోగుల పేర్లు పుస్తకం నుంచి తీసేయడం. అందుకే జాగ్రత్తగా రూపొందించిన కార్యక్రమాల్లో నమోదైన ప్రతి రోగినీ అదుపులో ఉన్నవారు, అదుపులో లేనివారు, రావడం మానేసినవారు అని మూడు గుంపులుగా విడదీసి మూడింటినీ ప్రకటిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాలు 2022లో ఆమోదించిన లక్ష్యాలు కూడా ఈ వరుసలోనే ఉన్నాయి: 2030 నాటికి మధుమేహం ఉన్నవారిలో 80 శాతం మందికి నిర్ధారణ కావాలి, నిర్ధారణ అయినవారిలో 80 శాతం మందికి షుగర్ అదుపులో ఉండాలి. రెండూ కలిపి లెక్కిస్తే రోగులందరిలో 64 శాతం. మొదటి 80ని వదిలేసి రెండో 80 గురించే మాట్లాడడం లెక్కను సగంలో ఆపేయడమే.

దానంతట అదే తగ్గే షుగర్

ఇక రెండో ప్రశ్న: తగ్గిన షుగర్ కార్యక్రమం వల్లే తగ్గిందా? పరగడుపు షుగర్ రోజుకొక రకంగా ఉంటుంది. నెల సగటు 160 ఉండే మనిషికి పెళ్లి భోజనం మర్నాడు 200 రావచ్చు, మరో రోజు 140 రావచ్చు. శిబిరం పెట్టి 200 దాటినవారిని మాత్రమే కార్యక్రమంలో చేర్చుకుంటే, ఆ రోజు అనుకోకుండా ఎక్కువ చూపినవారు కూడా వారిలో ఉంటారు. వారికి నెల తర్వాత మళ్లీ పరీక్ష చేస్తే, ఏ మందూ ఇవ్వకపోయినా, గుంపు సగటు తగ్గి కనిపిస్తుంది. గణాంక శాస్త్రంలో దీన్ని సగటు వైపు తిరోగమనం అంటారు. కార్యక్రమానికి ముందు ఇంత, తర్వాత ఇంత అని చెప్పే నివేదికలన్నిటినీ ఈ లోపం వెంటాడుతుంది.

దీనికి విరుగుడు పోలిక. ఒక ఊహాత్మక ఉదాహరణ: కార్యక్రమం ఉన్న మండలంలో సగటు హెచ్‌బీఏ1సీ 9.2 నుంచి 8.4కు తగ్గింది, అంటే 0.8. కార్యక్రమం లేని పక్క మండలంలో 9.1 నుంచి 8.6కు తగ్గింది, అంటే 0.5. కొత్త మందులు రావడం వల్లో, ప్రజల్లో అవగాహన పెరగడం వల్లో, పైన చెప్పిన తిరోగమనం వల్లో ఆ 0.5 రెండు చోట్లా తగ్గేదే. కార్యక్రమం ఖాతాలో వేయదగింది మిగిలిన 0.3 మాత్రమే. అది కూడా రెండు మండలాలూ మిగతా విషయాల్లో ఒకేలా ఉన్నాయనుకుంటేనే.

ఆ అనుమానం కూడా లేకుండా చేయడానికి, కార్యక్రమం ఎవరికి అందాలో లాటరీ తీసి నిర్ణయిస్తారు. రోగులకు కాకుండా కేంద్రాలకు లాటరీ తీయడం ఇక్కడ ఆనవాయితీ, ఎందుకంటే ఒకే పీహెచ్‌సీలో ఒకే నర్సు శిక్షణలో నేర్చుకున్నది కొందరు రోగులకు వాడి, మిగతావారి దగ్గర మర్చిపోలేదు కదా. అయితే దీనికొక మూల్యం చెల్లించాలి. ఒకే డాక్టరు చూసే రోగులు ఒకరినొకరు కొంత పోలి ఉంటారు. 40 కేంద్రాల నుంచి 50 మంది చొప్పున 2,000 మందిని తీసుకుని, ఆ పోలికను 0 నుంచి 1 దాకా ఉండే కొలతలో 0.05 అనుకుంటే, 50లో ఒకటి తీసేయగా మిగిలే 49ని 0.05తో హెచ్చించి ఒకటి కలపగా 3.45 వస్తుంది. 2,000ను 3.45తో భాగిస్తే సుమారు 580. అంటే రెండు వేల మందిని చేర్చినా, విడివిడిగా లాటరీ తీసిన 580 మందికి సమానమైన సమాచారమే చేతికొస్తుంది. ఒక్క జిల్లాలో నాలుగైదు పీహెచ్‌సీలలో ప్రయోగం చేసి రాష్ట్రమంతటికీ తీర్పు చెప్పడం ఎందుకు తగదో ఈ లెక్కే చెబుతుంది.

పశ్చిమ గోదావరి నుంచి హర్యానా వరకు: మూడు ప్రయోగాలు

ఈ పద్ధతిలో మన దగ్గరే ఒక పెద్ద ప్రయోగం జరిగింది. పశ్చిమ గోదావరి జిల్లాలో 18 పీహెచ్‌సీల పరిధిలోని 54 గ్రామాల్లో, 40 ఏళ్లు దాటినవారిలో గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్నవారి కోసం, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే వైద్య పరిశోధన సంస్థ పరిశోధకులు ఆశా కార్యకర్తలకూ డాక్టర్లకూ ట్యాబ్‌లు ఇచ్చి, ఎవరికి ఏం చేయాలో సూచించే సాఫ్ట్‌వేర్ అందించారు. అన్ని కేంద్రాలకూ చివరికి కార్యక్రమం అందేలా, కానీ ఎప్పుడు అందాలో లాటరీతో నిర్ణయించేలా, మెట్లు మెట్లుగా అమలు చేశారు. ఎవరికీ అన్యాయం జరగకుండా పోలిక కూడా సాధ్యమయ్యే పద్ధతి ఇది. అరవై వేల మందికి పైగా ప్రజలను ఆశా కార్యకర్తలు పరీక్షించగలిగారు. అది చిన్న విజయం కాదు. కానీ రక్తపోటు లక్ష్యాన్ని చేరినవారు కార్యక్రమం ఉన్నప్పుడు 41.2 శాతం, లేనప్పుడు 39.2 శాతం. గణాంకాల దృష్టిలో ఆ తేడాకు అర్థం లేదు. ముప్పును కనిపెట్టడం ఒక పని, దాన్ని తగ్గించడం మరో పని అన్న సంగతి నాకు ఇంత స్పష్టంగా మరెక్కడా కనబడలేదు.

హర్యానా, కర్ణాటకల్లోని 40 సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో 3,698 మంది బీపీ, షుగర్ రోగులతో జరిగిన ఎంవెల్‌కేర్ ప్రయోగం 2019లో ఫలితాలు ప్రకటించింది. అందులో నర్సు చేతిలోని ట్యాబ్ రోగి వివరాలు తీసుకుని డాక్టరుకు చికిత్స సూచిస్తుంది. ఏడాది తర్వాత చూస్తే ట్యాబ్ ఉన్న కేంద్రాలకూ లేని కేంద్రాలకూ రక్తపోటులో గాని హెచ్‌బీఏ1సీలో గాని చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే రెండు వైపులా ఆ కొలతలు తగ్గాయి. పోలికగా పెట్టుకున్న కేంద్రాల్లో కూడా డాక్టర్లకూ నర్సులకూ శిక్షణ ఇచ్చారు, చికిత్సా పటాలు ఇచ్చారు. దీన్ని ఇద్దరు రెండు రకాలుగా చదువుతారు. ట్యాబ్ వృథా అని ఒకరంటారు. శిక్షణ, మామూలు పర్యవేక్షణే చాలా పని చేశాయి, వాటి మీద ట్యాబ్ అదనంగా ఏమీ చేర్చలేదు అని మరొకరంటారు. నాకు రెండో వాదనే సబబుగా తోస్తుంది, కానీ అసలు శిక్షణే లేని మూడో గుంపు ఆ ప్రయోగంలో లేదు కాబట్టి, రెండు వైపులా కనిపించిన తగ్గుదలలో తిరోగమనం వాటా ఎంతో విడదీయలేం.

మూడోది విజయగాథ. భారత్, పాకిస్తాన్‌లలోని 10 షుగర్ క్లినిక్కుల్లో 1,146 మందితో జరిగిన కార్స్ ప్రయోగం 2016లో ప్రచురితమైంది. ప్రతి రోగినీ వెంటబడి చూసుకునే, డాక్టరు కాని ఒక సమన్వయకర్తను నియమించారు. డాక్టరుకు మందు మార్చమని గుర్తు చేసే కంప్యూటర్ రికార్డు ఏర్పాటు చేశారు. దాదాపు 28 నెలల తర్వాత, హెచ్‌బీఏ1సీతో పాటు బీపీ, కొలెస్ట్రాల్‌లలో కనీసం ఒకటి లక్ష్యాన్ని చేరినవారు ఈ వైపు 18.2 శాతం, మామూలు వైద్యం వైపు 8.1 శాతం. రెట్టింపుకు మించిన ఫలితం. అయినా నూటికి 82 మంది లక్ష్యం చేరలేదన్నది కూడా అంతే నిజం. పైగా ఇవి స్పెషలిస్టులు ఉండే క్లినిక్కులు, రోగులు తమంతట తాము వచ్చేవారు. పీహెచ్‌సీలో ఇదే ఫలితం వస్తుందని ఇక్కడినుంచి నేరుగా చెప్పలేం.

ఏ కొలత, ఎవరికి ఎంత లక్ష్యం

వైద్య నాణ్యతను మూడు అంచెల్లో చూడాలని అమెరికా వైద్య పరిశోధకుడు అవెడిస్ డొనబెడియన్ 1966లో ప్రతిపాదించారు: ఏమేం ఉన్నాయి, ఏం చేశారు, ఏం జరిగింది. గ్లూకోమీటరు, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు నిల్వ, భర్తీ అయిన పోస్టు మొదటి అంచె. పాదాల స్పర్శను సన్నని నైలాన్ పోగుతో పరీక్షించారా, ఏడాదికోసారి కంటిపొర చూశారా అన్నవి రెండో అంచె. షుగర్ అదుపు, చూపు పోవడం, కాలు తీసేయవలసి రావడం, మరణం మూడో అంచె. అసలు కావలసింది మూడోదే అయినా, కాళ్లూ కళ్లూ దక్కాయో లేదో తేలడానికి ఏళ్లు పడుతుంది. కార్యక్రమానికి నిధులు రెండు మూడేళ్లకే ముగుస్తాయి. అందుకే మధ్యలోని హెచ్‌బీఏ1సీ మీద అందరూ ఆధారపడతారు.

అది కూడా నిర్దోషి కాదు. ఇనుము లోపం వల్ల వచ్చే రక్తహీనతలో హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించవచ్చు. ఎర్రకణాలు త్వరగా విరిగిపోయే సికిల్ సెల్ వంటి జబ్బుల్లో తక్కువగా కనిపించవచ్చు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇలాంటి చోట ఐరన్ మాత్రలు బాగా అందించిన మండలంలో హెచ్‌బీఏ1సీ కొంత తగ్గితే, ఆ తగ్గుదలలో షుగర్ వైద్యం వాటా ఎంతో జాగ్రత్తగా చూడాలి. సికిల్ సెల్ ఎక్కువగా కనిపించే ఏజెన్సీ ప్రాంతాల్లో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి.

లక్ష్యం విషయంలో కూడా ఏకాభిప్రాయం లేదు. షుగర్‌ను వీలైనంత కిందికి దించితే మేలన్న నమ్మకాన్ని 2008లో అమెరికా, కెనడాలలో జరిగిన అకార్డ్ ప్రయోగం కుదిపేసింది. గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న 10,251 మందిలో హెచ్‌బీఏ1సీని 6 కంటే తక్కువకు దించాలని ప్రయత్నించిన గుంపులో మరణాలు ఎక్కువ కావడంతో ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. డెబ్బై అయిదేళ్ల ఒంటరి వృద్ధురాలికి 6.8 రావడం విజయమా, షుగర్ పడిపోయి కింద పడే ప్రమాదమా అన్నది ఆమెను చూస్తే గాని చెప్పలేం. కార్యక్రమం లెక్కలో మాత్రం ఆమె అదుపులో ఉన్నట్టే. అందరికీ ఒకే గీత ఉంటే ఏఎన్ఎంకు పని సులువు, పోల్చడం సులువు అని ఒక పక్షం అంటుంది. ఆ గీత వల్ల కొందరికి హాని జరుగుతుందని మరో పక్షం అంటుంది. రెండింటిలోనూ నిజం ఉంది.

అంకెకు డబ్బు ముడిపెట్టినప్పుడు

ఈ వాదం బ్రిటన్‌లో డబ్బు రూపంలో ముందుకొచ్చింది. 2004లో అక్కడి కుటుంబ వైద్యుల ఆదాయంలో కొంత భాగాన్ని నాణ్యతా సూచికలకు ముడిపెట్టారు. వాటిలో షుగర్ సూచికలు చాలా ఉన్నాయి. 2009లో స్టీఫెన్ క్యాంప్‌బెల్ బృందం 1998 నుంచి 2007 వరకు ఉన్న రికార్డులను వరుసగా పరిశీలించింది. షుగర్ వైద్యం 2004కు ముందునుంచే మెరుగవుతూ వస్తోంది. పథకం రాగానే ఆ వేగం పెరిగింది. లక్ష్యాలు చేరాక వేగం మందగించింది. రోగి ఎప్పుడూ ఒకే డాక్టరును చూసే అలవాటు మాత్రం తగ్గింది. ముందు, తర్వాత అన్న రెండు బిందువులు మాత్రమే చూసి ఉంటే ఈ కథలో సగం తెలిసేది కాదు. ఏళ్ల తరబడి గీత గీసి చూడడం వల్లే ఎక్కడ వంగిందో కనబడింది.

కొందరు రోగులను లెక్కనుంచి మినహాయించే వెసులుబాటు కూడా ఆ పథకంలో ఉండేది. బాగా బలహీనులను, చికిత్స నిరాకరించినవారిని బలవంతపెట్టకుండా కాపాడడం దాని ఉద్దేశం. కష్టమైన రోగులను వదిలించుకునే దారిగా కూడా అది మారవచ్చన్న ఆందోళన మొదటినుంచీ ఉంది. 2019లో నియమం మార్చి, బలహీనత లేనివారికి 7.5 శాతానికి సమానమైన లక్ష్యాన్ని, బలహీనంగా ఉన్నవారికి 9 శాతానికి సమానమైన లక్ష్యాన్ని విడిగా పెట్టారు. వృద్ధురాలి ప్రశ్నకు వారు కనుక్కున్న జవాబు అది. మన ఉపకేంద్రంలో బలహీనతను ఎవరు, ఎలా నిర్ణయించాలన్న పని ఇంకా మిగిలే ఉంది.

ప్రయోగం ముగిశాక

చివరి చిక్కు విస్తరణలో ఉంది. ప్రయోగంలో ఫలించినది రాష్ట్రమంతటా ఎంత ఫలిస్తుందో అంచనా వేయడానికి రస్సెల్ గ్లాస్‌గో బృందం 1999లో సూచించిన చట్రంలో ఎంతమందికి చేరింది, ఎంత పనిచేసింది, ఎన్ని కేంద్రాలు స్వీకరించాయి, అనుకున్నట్టే అమలైందా, నిలిచిందా అన్న అయిదు ప్రశ్నలుంటాయి. వీటి అసలు బలం హెచ్చవేతలో తెలుస్తుంది. ఒక పద్ధతి హెచ్‌బీఏ1సీని 0.5 తగ్గిస్తుందనుకుందాం. 100 పీహెచ్‌సీలలో 60 మాత్రమే దాన్ని నిజంగా మొదలుపెట్టాయి. ఆ కేంద్రాల్లో సగం మంది రోగులకే చేరింది. వారిలో రెండేళ్ల తర్వాత కూడా కొనసాగుతున్నవారు నూటికి 40 మంది. అన్ని కేంద్రాల్లోనూ రోగులు సమానంగా ఉన్నారనుకుంటే, ప్రతి 100 మంది రోగుల్లో 60, అందులో సగం 30, అందులో 40 శాతం 12. రోగులందరిలో ఎనిమిదో వంతుకు కూడా చేరని ఆ 0.5 తగ్గుదలను పెంచడానికి కొత్త యాప్ తేవడం కంటే, మధ్యలో జారిపోయిన 88 మందిలో కొందరిని నిలబెట్టుకోవడం ఎక్కువ లాభం ఇవ్వవచ్చు.

ఆ జారిపోవడానికి కారణాలు ఎక్కువగా మామూలువే. ప్రాజెక్టు జీతం ఆగిపోగానే సమన్వయకర్త వెళ్లిపోవడం ఒకటి. ఏఎన్ఎం ఒకే వివరాన్ని రెండు మూడు యాప్‌లలో ఎక్కించవలసి రావడం మరొకటి. నెలకు సరిపడా బిళ్లలు అడిగితే పదిరోజులకే ఇవ్వడం ఇంకొకటి. కొన్ని పల్లెలకు సంచార వైద్య వాహనం నిర్ణీత రోజునే వస్తుంది. ఆ రోజు పొలంలో ఉన్న మనిషికి మళ్లీ అవకాశం అది తిరిగి వచ్చినప్పుడే. అందుకని మూల్యాంకనానికి వెళ్లే బృందం హెచ్‌బీఏ1సీ పట్టికతో పాటు, గత ఆరు నెలల్లో ఆ కేంద్రంలో మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ ఎన్ని రోజులు లేవు, డాక్టరు పోస్టు ఎన్ని నెలలు ఖాళీగా ఉంది, రావడం మానేసిన 400 మందిలో ఎంతమందికి ఎవరైనా ఫోన్ చేశారు అన్న మూడు వరుసలు కూడా రాసుకుని రావాలి. షుగర్ ఎందుకు తగ్గిందో, ఎందుకు తగ్గలేదో చాలాసార్లు ఆ మూడు వరుసల్లోనే కనిపిస్తుంది.